కారులో చదివిన చట్టం

మా ఊరి బడి గేటుకు సరిగ్గా ఎదురుగా నా కాఫీ బార్. నా భర్త పోయినప్పుడు దీన్ని అమ్మేయమని సలహా చెప్పినవాళ్ళే ఇప్పుడు పొద్దున్నే వచ్చి నిలబడి, "పొంపీలియా, కాఫీ చేదుగా ఉందేమిటి?" అని మూతి ముడుస్తారు. ఉంటే ఉంది, తాగండి అంటాను. నా నోరు మంచిది కాదని ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. చెప్పనివ్వండి. నేనిప్పుడు చెప్పబోయేది నా గురించి కాదు, నా బార్ ముందు తెల్ల కారులో కూర్చుని లా చదివిన కోజిమా గురించి.

కోజిమా మా వీధి పిల్లే. తండ్రి రాతి గనిలో పనిచేసేవాడు. మా వైపు ఇళ్ళన్నీ కట్టే మెత్తని పసుపు రాయి దుమ్ము ఆయన కనుబొమల మీద ఆదివారం పూట కూడా ఉండేది. కోర్టు అన్న మాట వినబడితే శిలువ గుర్తు వేసుకునే ఇల్లది. పిల్లకు చదువు బాగానే అబ్బింది కానీ బడి ముగియగానే బూట్ల ఫ్యాక్టరీలో కుట్టుపనికి వెళ్ళిపోయింది. బ్యాజోను పెళ్ళాడింది. బ్యాజో ఇళ్ళల్లో నేల పలకలు పరుస్తాడు, మంచివాడు, అడిగితే తప్ప మాట్లాడడు. ఇక పిల్లలు పుట్టరేమో అని ఊరు జాలిపడి, జాలిపడటం కూడా మానేశాక తెక్లా పుట్టింది.

తెక్లాకు ఫిట్స్ వస్తాయి. చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. ఎప్పుడో ఒకటి తగ్గదు. అలాంటిది వచ్చినప్పుడు ఒక చిన్న గొట్టంలో ఉన్న మందును బుగ్గకీ చిగుళ్ళకీ మధ్య పోయాలి. వెంటనే పోస్తే పిల్ల కాసేపు నిద్రపోయి లేచి ఆకలంటుంది. ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. కోజిమా ఆ పని చేయడం నా బార్‌లోనే ఒకసారి చూశాను. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టింది, మందు పోసింది, జుట్టు నిమురుతూ నేలమీదే కూర్చుంది. నేను ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

తెక్లాను బడిలో వేసేటప్పుడు కోజిమా ఆ గొట్టమూ, డాక్టరు కాగితమూ పట్టుకెళ్ళింది. టీచర్లందరూ కాగితం చదివారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లెక్కలు చెప్పే ఒర్నెల్లా పైకి అనేసింది: "కోజిమా గారూ, నేను టీచర్ని, నర్సుని కాదు. రేపు నా చేతిలో పిల్లకేమైనా అయితే జైలుకెళ్ళేది నేనా, మీ డాక్టరా?" మిగతావాళ్ళు ఆ మాట వెనకే దాక్కున్నారు. హెడ్‌మిస్ట్రెస్ చేతులు నలుపుకుంటూ, బలవంతం చేసే అధికారం తనకు లేదంది.

అలా కోజిమా ఫ్యాక్టరీ పని మానుకుంది. పొద్దున బడి గంట కొట్టినప్పటి నుంచి పిల్లలు ఇళ్ళకు పోయేదాకా గేటు ముందు కారులో కూర్చోవడం మొదలుపెట్టింది. లోపల్నుంచి ఎవరైనా కేకేస్తే పరిగెత్తాలి. మందు గొట్టం ఆమె ఒళ్ళో సంచిలో ఉండేది. బాత్‌రూమ్‌కని నా బార్‌లోకి వచ్చినా తలుపు తీసిపెట్టమనేది, కేక వినబడాలని. మొదటి ఏడాది అల్లికలు అల్లింది, అడవి ఆకుకూర తెచ్చుకుని ఏరుకుంది, ఊరికే కూర్చుంది. ఆ ఊరికే కూర్చోవడం చూడలేక నేను కాఫీ కారుకే తీసుకెళ్ళేదాన్ని.

ఒకరోజు బడిలో సమావేశం పెట్టారు. బడి తరఫున టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. అదయ్యాక కోజిమా నేరుగా నా దగ్గరికి వచ్చి కౌంటర్ మీద మోచేతులు ఆన్చింది.

"చట్టప్రకారం మా చేతుల్లో ఏమీ లేదమ్మా అన్నాడక్కా. ఏ చట్టమండీ అని అడిగాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. అవన్నీ మీకర్థం కావులెండి అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"ఏమనాలో తెలిస్తే కదా అనడానికి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ టై ఆయన కప్పులో నేనైతే ఉప్పు కలిపేదాన్ని. కోజిమా అలాంటి మనిషి కాదు. ఆ శరత్కాలంలోనే లెచ్చే నగరానికి వెళ్ళి యూనివర్సిటీలో లా కోర్సుకు పేరు రాయించుకుని వచ్చింది. వయసు నలభై దాటింది. బ్యాజోకు చెబితే అతను పలకలు పరిచే చేతులు తుడుచుకుని, "కారు సీటుకి దిండొకటి కావాలి కదా మరి" అన్నాడట. అతని నుంచి అంత పొడుగు మాట రావడమే గొప్ప.

ఇక చూడండి మా వీధి. లా పరీక్షలు మా దేశంలో చాలావరకు నోటితోనే చెప్పాలి. అందుకని కోజిమా చదివింది పైకి వల్లె వేసేది. సీటు వెనక్కి తోసి, స్టీరింగ్ మీద పుస్తకం ఆనించి, కారు తలుపు తెరిచి పెట్టి. ఆఫ్రికా వైపు నుంచి వేడిగాలి వీచే రోజుల్లో ఆమె గొంతు నా కౌంటర్ దాకా వచ్చేది. నా దగ్గర పేకాడుకునే ముసలాళ్ళకు ఆస్తి పంపకాలూ, ఒప్పందాలూ సగం నోటికొచ్చేశాయి. రిటైరైన పోస్టుమాన్ ఒకరోజు కారు కిటికీ దగ్గర వంగి, "లాయరమ్మా, పక్కింటివాడి అంజూరపు చెట్టు కొమ్మ నా గోడ దాటి వచ్చింది, కాయలు ఎవరివంటావ్?" అని అడిగాడు.

"నేనింకా రోమన్ చట్టమే చదువుతున్నాను బాబాయ్," అంది కోజిమా. "మీ పక్కింటివాడు రెండువేల ఏళ్ళ కిందటివాడైతే ఇప్పుడే చెప్పేస్తాను."

పరీక్ష ఉన్న రోజు తెక్లాను బడి మాన్పించి ఇంట్లో అత్తగారి దగ్గర వదిలి లెచ్చేకు వెళ్ళేది. తప్పితే మళ్ళీ వెళ్ళేది. ఒక్కో పరీక్షా అలా గట్టెక్కింది.

ఆ అత్తగారు చెజీరా గురించి చెప్పాలి. నాకూ చెజీరాకూ చిన్నప్పటి నుంచీ పడదు, అందువల్లే మేమిద్దరం రోజూ కలుస్తాం. కోడలు చదువుతోందని ఆమెకు కోపం లేదు, ఎందుకు చదువుతోందో అర్థం కాక కోపం.

"కారులో కూర్చుని ఎండిపోతోంది పిల్ల," అనేది నా దగ్గర. "చట్టమట. తెలిసినవాళ్ళు లేనివాళ్ళకి కదా చట్టం. మనకి మనుషులు లేరా?"

మా వైపు ఇదే రివాజు. ఆస్పత్రిలో మంచం కావాలన్నా, వీధిలో దీపం వెలగాలన్నా, ముందు మనకు ఎవరు తెలుసో ఆలోచిస్తాం. ఆ తెలిసినవాడికి ఎవరు తెలుసో ఆలోచిస్తాం. కాగితం రాసి ఆఫీసులో ఇచ్చేవాణ్ణి చూస్తే, పాపం దిక్కులేనివాడు అనుకుంటాం. చెజీరా అన్న మాటకు నేను ఆ రోజు తలూపాను కూడా.

చెజీరా ఊరుకోలేదు. ఒక శుక్రవారం చేపల రేవు నుంచి పెద్ద ఆక్టోపస్ కొని, కోళ్ళ గూట్లో గుడ్లు ఏరి, ఆ రెండూ పట్టుకుని మున్సిపల్ కౌన్సిలర్ ఇంటికి వెళ్ళింది. ఆయన తల్లీ చెజీరా ఒకే తరగతి. ఆయన హెడ్‌మిస్ట్రెస్‌కు ఫోన్ చేశాడు. హెడ్‌మిస్ట్రెస్ బడి ఆయా దొనాతాను పిలిచి మెల్లగా చెవిలో చెప్పింది. దొనాతాది వెన్నలాంటి మనసు. "ఇవ్వండి, నా దగ్గరుంచుకుంటాను, ఎవరికీ చెప్పొద్దు" అని ఆ మందు గొట్టం తీసుకుని ఏప్రాన్ జేబులో వేసుకుంది. కోజిమా ఆమెకు ఎలా పోయాలో చూపించింది.

మూడు రోజుల్లో అయిపోయింది. ఇన్నేళ్ళు కారులో కూర్చుని సాధించలేనిది ఒక్క ఆక్టోపస్ సాధించిందని చెజీరా ఊరంతా చెప్పుకుంది. గేటు ముందు తెల్ల కారు లేకపోతే నాకే వీధి బోసిగా అనిపించింది. కోజిమా ఇంట్లో వంట చేసుకుంటూ చదువుకుంది, ఒకటి రెండుసార్లు ఎండలో నడిచి వచ్చి నా దగ్గర నిలబడి కాఫీ తాగింది. అయినా మొహంలో కుదురు లేదు.

"ఇంకేం కావాలే నీకు?" అని కసిరాను.

"ఏం వద్దక్కా. దొనాతా దేవత. కానీ ఇది ఆమె దయ. ఆమె ఉంటే ఉంది, లేకపోతే లేదు."

"ఎక్కడికి పోతుంది దొనాతా?"

ఎక్కడికీ పోలేదు. జలుబు చేసి జ్వరం వచ్చి రెండు రోజులు సెలవు పెట్టింది, అంతే. మనిషన్నాక జ్వరం రాదా? మందు గొట్టం ఏప్రాన్ జేబులో ఉంది. ఏప్రాన్ ఉతకడానికి ఇంటికి తీసుకెళ్ళింది. ఉతికేటప్పుడు జేబులోంచి గొట్టం తీసి వంటింటి అరలో పెట్టి, ఏప్రాన్‌ను తాడు మీద ఆరేసుకుంది. ఎవరికీ చెప్పొద్దన్న సంగతి కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఆ రెండో రోజు తెక్లాకు తగ్గని ఫిట్ వచ్చింది.

హెడ్‌మిస్ట్రెస్ వరండాలో అటూ ఇటూ పరిగెత్తడం నా బార్ కిటికీ అద్దంలోంచి చూశాను. కోజిమాకు ఫోన్ చేసింది నేనే. ఇంట్లో ఉన్న ఇంకో గొట్టం పట్టుకుని, ఇంటి చెప్పులతోనే, తలుపులు బార్లా వదిలేసి వచ్చింది. ఆమె వచ్చేసరికి అంబులెన్స్ కూడా వచ్చింది. తెక్లా పెదవులు నీలంగా ఉన్నాయి. దేవుడి దయ, ఆస్పత్రిలో తేరుకుంది. ఆ వారమంతా నా బార్‌లో ఎవరూ పేకాడలేదు. జ్వరంతోనే దొనాతా వచ్చి నా కౌంటర్ ముందు నిలబడి ఏడ్చింది. ఏడవకు, ముక్కు కారుతోంది, పో పడుకో అన్నాను.

చెజీరా మాత్రం మంచం పట్టినట్టు అయిపోయింది. తెక్లా ఇంటికి వచ్చిన రోజు నేను చూడటానికి వెళ్ళాను. చెజీరా వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుంది.

"నేనే చంపబోయాను పిల్లని," అంది.

కోజిమా చిక్కుడు గింజలు వలుస్తోంది. ఆపకుండానే అంది: "మీరు చేసింది ప్రేమతో అత్తయ్యా. నేను కూడా ఒప్పుకున్నాను కదా. కానీ బడిలో అంతమంది పెద్దవాళ్ళుండగా పిల్ల ప్రాణం ఒక్క జేబులో పెట్టాం. అదొక్కటే మనం చేసిన తప్పు. ఇంక పెట్టను."

మర్నాడు తెల్ల కారు మళ్ళీ గేటు ముందుకు వచ్చింది. ఈసారి కోజిమా చదువుతున్న పుస్తకం వేరు. ఆరోగ్యం, పిల్లలు, వైకల్యం, వీటికి సంబంధించిన చట్టం. ఆ పరీక్షను ఆమె అప్పటిదాకా వాయిదా వేస్తూ వచ్చింది, ఆ పుస్తకం అట్ట కనబడితే చాలు బోర్లా తిప్పి పెట్టేసేదట. ఇప్పుడు అదే తెరిచింది. వల్లె వేయడం మాత్రం మానేసింది. పెన్సిల్ పట్టుకుని మెల్లగా, ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ చదివింది. ఒక మధ్యాహ్నం కారు దిగి వచ్చి, "అక్కా, ఆ టై ఆయన సగం నిజమే చెప్పాడు" అంది.

"ఏ సగం?"

"మందు వేయమని ఏ టీచర్నీ బలవంతం చేయకూడదు. అది నిజం. కానీ ఎవరూ ముందుకు రాలేదని హెడ్‌మిస్ట్రెస్ చేతులు దులుపుకోకూడదు. వెతకాలి. ఆరోగ్య శాఖ వాళ్ళని అడగాలి, మున్సిపాలిటీని అడగాలి, నేర్పించేవాళ్ళని రప్పించాలి. రాతపూర్వకంగా అడిగితే గడువులోపల జవాబివ్వాలి. ఆ సగం ఆయన చెప్పలేదు."

"పిల్లి మెడలో గంట కట్టాలని ఎలుకలకీ తెలుసు," అన్నాను. "ఎవరు కడతారు?"

"నేను," అంది.

కాగితం రాసి పట్టుకెళ్ళింది. నన్ను సాక్షిగా రమ్మంది, ఏప్రాన్ విప్పకుండానే వెళ్ళాను. హెడ్‌మిస్ట్రెస్ ఆ కాగితాన్ని వేడి పెనంలా చూసింది.

"మనలో మనకి ఇవన్నీ ఎందుకు కోజిమా? మాట్లాడుకుంటే పోయేదానికి."

"మాట్లాడుకున్నాం కదండీ మేడమ్. ఏమైందో చూశాం," అంది కోజిమా, చాలా నెమ్మదిగా. "దీని మీద ముద్ర వేసి నంబరు ఇప్పించండి. మీ మీద ఫిర్యాదు కాదిది. మీకు తోడుగా ఇంకొకళ్ళని పిలవమని అడుగుతున్నాను. మీరొక్కరే మోయాలని ఎక్కడా లేదు."

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసింది. ఆమె మీద నాకు ఎప్పట్నుంచో మంట. ఆ క్షణాన మాత్రం జాలేసింది. "ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు," అంది. "మొదటి ఏడాది ఒకసారి ఆరోగ్య శాఖకి ఫోన్ చేశాను. చూద్దాం అన్నారు. మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు."

"ఫోన్ వద్దు. నా కాగితానికి మీ కాగితం తగిలించి పంపండి. మీకూ వాళ్ళు జవాబివ్వాల్సిందే."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగే పద్ధతి కూడా ఒకటుంటుందని నాకప్పుడు తెలిసింది. గడువు ముగియకముందే ఆరోగ్య శాఖ నుంచి ఒక నర్సు వచ్చింది, చేతిలో రబ్బరు బొమ్మ పట్టుకుని. ఇష్టమైనవాళ్ళు రావచ్చని గోడకు చీటీ అంటించారు. దొనాతా ఒక్కతే వస్తుందని అందరం అనుకున్నాం. అందరికన్నా ముందు వచ్చి ముందు వరసలో కూర్చుంది ఒర్నెల్లా. వెనకే ఇంకో ఇద్దరు టీచర్లు, భోజనశాల వంటామె. ఆ రోజు పిల్ల పెదవులు చూసినవాళ్ళే అందరూ. ఎవరు ఏం చేయాలో, ఎవరు లేకపోతే ఎవరు చేయాలో, అంతా రాసి సంతకాలు పెట్టారు. మందు గొట్టం పెట్టడానికి టీచర్ల గదిలో ఒక అర కేటాయించారు, దాని తాళం ఎక్కడుంటుందో అందరికీ చెప్పారు.

ఇంకేముంది, కోజిమా ఇంటికి పోవచ్చు. పోలేదు. మర్నాడూ అదే కారు, అదే చోటు.

"మళ్ళీ ఎందుకొచ్చావ్?" అన్నాను.

"ఊరికే."

"ఊరికే కూర్చోవడానికా ఇంత చదివింది?"

కోజిమా కిటికీలోంచి చేయి చాచి నా చేతిలో కాఫీ తీసుకుంది. కాగితం మీద రాయించుకోవడం వేరు, నమ్మడం వేరు. వాళ్ళు చేస్తారా, చేయగలరా, ఒర్నెల్లా మళ్ళీ భయపడితే? ఆ భయానికి ఏ పుస్తకంలోనూ మందు లేదు. నేను తిట్టడం మానుకుని పక్క సీట్లో కూర్చున్నాను.

అలా ఉండగా ఆ ఆరోగ్య చట్టం పరీక్ష తేదీ వచ్చింది. మామూలుగానే కోజిమా, "ఆ రోజు బడి మానేసి నానమ్మ దగ్గరుండు" అంది. తెక్లా ఒప్పుకోలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల, నాలుక మాత్రం నాది.

"ఆ రోజు మా నాటకం రిహార్సల్. నేను నక్కని. నక్క లేకపోతే నాటకం ఎలా వేస్తారు?"

"తెక్లా, నేను గేటు దగ్గర ఉండనే."

"ఒర్నెల్లా టీచరుంది. దొనాతా ఉంది. నీ పరీక్షకి నువ్వెళ్ళు, నా బడికి నేనెళ్తా."

కోజిమా రెండు రాత్రులు నిద్రపోలేదని బ్యాజో నాకు చెప్పాడు. మూడో పొద్దున తెక్లాను గేటు దాకా దింపి, ఒర్నెల్లా చేయి ఒకసారి గట్టిగా పట్టుకుని వచ్చేసింది. అంత నిద్రలేని మనిషిని కారు నడపనివ్వదలచుకోలేదు నేను. బార్ మూసేశాను. నా సామాన్ల వ్యాన్ తీశాను. చూస్తే చెజీరా అప్పటికే అందులో కూర్చుని ఉంది, ఆదివారం కోటు వేసుకుని, ఒళ్ళో గుడ్డ కప్పిన బుట్ట పెట్టుకుని.

"ఏమిటది?" అన్నాను.

"ఏం లేదు, గుడ్లు."

"ఎవరికి?"

"దారిలో ఆకలేస్తే."

"పచ్చి గుడ్లా?"

చెజీరా కిటికీలోంచి బయటకు చూసింది. బుట్టను నా బార్ లోపల పెట్టి తాళం వేసి బయల్దేరాను. కోజిమా నవ్వింది, ఆ రోజు అదే మొదటిసారి.

పరీక్ష ఎవరైనా వచ్చి కూర్చుని వినవచ్చు. గదిలో కుర్రాళ్ళు బెంచీల మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నారు. నేనూ చెజీరా వెనక వరసలో కూర్చున్నాం. ప్రొఫెసర్ తల నెరిసిన మనిషి, గొంతు పెంచడు. కోజిమాను పిలిచాడు. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, దాన్ని ఆపలేనని, కూతురు బడిలో ఉందని, ఎందుకో రెండు ముక్కల్లో చెప్పింది. "ఉంచండి," అన్నాడాయన.

మొదటి ప్రశ్న: బిడ్డ వైద్యం విషయంలో తల్లీ తండ్రీ ఒక మాట మీదికి రాకపోతే ఏమవుతుంది? కోజిమా మొదలుపెట్టింది. విషయం జడ్జి దగ్గరికి వెళ్తుందంది. బిడ్డ మాట కూడా వినాలంది. చిన్నదైనా సరే, అర్థం చేసుకునే పిల్లయితే వినాలంది. చెబుతోంది కానీ ప్రతి వాక్యానికీ కళ్ళు ఫోన్ మీదికి పోతున్నాయి. ఒకచోట సెక్షన్ మర్చిపోయి వెనక్కి వెళ్ళింది. రెండో ప్రశ్న సగంలో ఉండగా ఫోన్ మోగింది.

బడి నంబరు. కోజిమా కంగారులో స్పీకర్ బటన్ నొక్కేసింది, ఒర్నెల్లా గొంతు గదంతా వినబడింది.

"కోజిమా గారూ, ముందే చెప్పేస్తున్నా, తెక్లా బాగుంది."

నా పక్కన చెజీరా నా చేతిలో గోళ్ళు దింపింది.

"ఫిట్ వచ్చింది. ఆగలేదు. మందు నేను వేశాను. దొనాతా పట్టుకుంది. వెంటనే ఆగింది. అంబులెన్స్‌లో డాక్టరు వచ్చి చూశారు, ఆస్పత్రి అక్కర్లేదు, పడుకోనివ్వమన్నారు. బ్యాజో గారు ఇప్పుడే వచ్చారు, పక్కనే కూర్చున్నారు."

"నేను వస్తున్నా," అంది కోజిమా. అప్పటికే నిలబడింది, సంచి భుజాన వేసుకుంది.

"వద్దండీ. మీరు రానక్కర్లేదు. నా చేతులు వణికాయి. కానీ వేశాను. నిజంగా చెబుతున్నా, మేం చూసుకుంటాం. మీరు రావద్దు."

ఫోన్ ఆగిపోయింది. నేను వ్యాన్ తాళాలు తీసి పట్టుకుని లేచి నిలబడ్డాను. చెజీరా నాకన్నా ముందు తలుపు దాకా వెళ్ళిపోయింది. ప్రొఫెసర్ మెల్లగా, "మీరు వెళ్ళిరండమ్మా. మీకు ఇంకో తేదీ ఇస్తాను, ఇబ్బందేం లేదు" అన్నాడు.

కోజిమా సంచి భుజాన అలాగే ఉంచుకుని ఆయన్నే చూస్తోంది. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, నోరు నవ్వుతోంది.

"నన్ను రావద్దన్నారండీ," అంది.

ఆయనకు అర్థం కాలేదు.

"మూడేళ్ళ నుంచి నేను లేకపోతే కుదరదన్నారు. ఇప్పుడు రావద్దన్నారు." సంచి తీసి నేలమీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. అరచేతులతో మొహం తుడుచుకుంది. "ఆ ప్రశ్న మళ్ళీ అడగండి సార్."

ఆయన అడిగాడు. ఏమడిగాడో నేను చెప్పలేను, ఎందుకంటే చెజీరా తలుపు దగ్గరే గోడకు ఆనుకుని భోరుమంది, నేనూ ఆపుకోలేకపోయాను, మా ఇద్దరినీ వరండాలోకి వెళ్ళమన్నారు. బయట బెంచీ మీద కూలబడ్డాం. నా గుండెల మీద ఎన్నాళ్ళుగా ఎంత బరువు కూర్చుందో అది దిగాక గానీ తెలియలేదు. తలుపు సందులోంచి కోజిమా గొంతు వస్తోంది, ఎక్కడా ఆగడం లేదు. చెజీరా మాత్రం ఒకచోట కూర్చోలేకపోయింది. తమ వంతు కోసం పుస్తకాలు గుండెకు హత్తుకుని తిరుగుతున్న కుర్రాళ్ళను ఒక్కొక్కరినీ చేయి పట్టి ఆపి, కన్నీళ్ళు తుడుచుకుంటూ, "మా కోడల్ని బడివాళ్ళు రావద్దన్నారు బాబూ" అని చెబుతోంది. వాళ్ళు పాపం, "అయ్యో, బాధపడకండి అవ్వా" అని ఓదార్చి వెళ్తున్నారు. నేను ఎవరికీ అసలు సంగతి విప్పి చెప్పలేదు.